మెరుపు లేని కాయలు

ఇలా దగ్గరికొచ్చి కూర్చోవే తల్లీ, ఆ ఫోను కాసేపు పక్కన పెట్టి. మార్టూరు దగ్గర పున్నమ్మ ఇంట్లో మిరపకాయల దగ్గర ఎంత గొడవైందో చెబుతాను.

ఆ రోజు పొద్దున్నే పున్నమ్మ కోడలు శ్రీదివ్య కాఫీ తాగడం కూడా మర్చిపోయి హడావుడి పడుతోంది. మూడేళ్లుగా ఆ పిల్ల రెండెకరాల మిరపకి మందు చుక్క తగలనివ్వలేదు. పేడా, గోమూత్రం, బెల్లం డ్రమ్ముల్లో నానబెట్టి పోసింది. పురుగొస్తే వేపకషాయం కొట్టింది. పక్క చేలో ఎకరానికి ఇరవై క్వింటాళ్లు పండితే వీళ్లకి ఎనిమిది దాటలేదు. ఊరంతా నవ్వింది, మొగుడు త్రినాథ్ కూడా నవ్వాడు. ఈ ఏడు మంచి ధరకి పోకపోతే వచ్చే ఏడు మందులే కొడతానని తెగేసి చెప్పాడు కూడా. సరిగ్గా అప్పుడే, ఊరూరా పెద్ద పెద్ద షాపులున్న ఒక కంపెనీ సేంద్రియ సరుకు అమ్మడం మొదలుపెట్టింది. వాళ్ల మనిషి అష్రఫ్ ఇవాళ కాయ చూడటానికి వస్తున్నాడు.

కోడలు స్నానానికి వెళ్లాక పున్నమ్మ మూతి విప్పిన బస్తాలోకి తొంగిచూసింది. కాయ మీద మెరుపు లేదు, అక్కడక్కడా మచ్చలు. ఆమెకి ప్రాణం ఉసూరుమంది. పెళ్లిచూపులకి పిల్లని తల దువ్వకుండా కూర్చోబెడతారా ఎవరైనా? వంటింట్లోకి వెళ్లి గిన్నెలో వేరుశనగ నూనె తెచ్చి, పైకాయలకి ఒక్కొక్కదానికీ ముద్దుగా రాసింది.

అష్రఫ్ వచ్చాడు. నాలుగు కాయలు తెల్ల కాగితంలో పెట్టి నలిపాడు. మరక తేలింది.

"ఇదేంటండి దివ్యగారూ, నూనె?"

"మా కాయకి నూనెందుకుంటుందండి?" శ్రీదివ్య మొహం పాలిపోయింది.

"నూనె రాసిన సరుకు తీసుకోకూడదండి. ఇంకేం కలిపారోనని మావాళ్లు నన్ను నిలదీస్తారు."

శ్రీదివ్య గిర్రున మొగుడి వైపు తిరిగింది. "మీరేగా చేసింది? సరుకు అమ్ముడుపోకపోతే మందులు కొట్టుకోవచ్చని."

"పెళ్లాం కాయలు పాడుచేసే ఎదవలా కనపడుతున్నానా నీకు?"

"మూడేళ్లు నవ్విందెవరు మరి?"

"నవ్వాను. నవ్వుకుంటూనే నీ డ్రమ్ములన్నీ మోశాను."

గుమ్మంలో పున్నమ్మ చేతులు కొంగులో దాచుకుని నిలబడి ఉంది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ కొడుకు కళ్లల్లో నీళ్లు తిరగడం చూసింది.

"వాణ్ణి అనమాకే. రాసింది నేను."

"మీరా అత్తయ్యా?"

"మెరిస్తే కొంటారనుకున్నానమ్మా. మా అత్త నేర్పిన పని. మిర్చి యార్డుకి అమ్మకానికి తోలే ముందు పై బస్తాకి నూనె రాయందే మా బండి కదిలేది కాదు."

"ఎన్ని బస్తాలకి రాశారు మామ్మగారూ?" అన్నాడు అష్రఫ్.

"ఇదొక్కదానికే, అదీ పైపైన. నలభై బస్తాలకీ రాయడానికి నూనె ధర చూశావా నాయనా?"

అతను నవ్వాపుకోలేకపోయాడు. మిగతా ముప్ఫై తొమ్మిదీ విప్పించాడు. కుట్లన్నీ పున్నమ్మే కూర్చుని ఊడదీసింది. మధ్యాహ్నం దాకా నలిపితే ఒక్క కాగితానికీ మరక అంటలేదు. "మా షాపుకొచ్చేవాళ్లు మెరిసే కాయంటేనే భయపడుతున్నారండి. మచ్చలున్నదే నమ్ముతున్నారు," అన్నాడు.

పున్నమ్మ ఊడదీసిన కుట్టుతాడు పక్కన పడేసింది. "ఇవాళ మచ్చ ముద్దంటున్నావు. రేపు ధర పడిపోయాక అదే మచ్చ చూపించి తిప్పి పంపవుగా? అలా వెనక్కొచ్చిన బండ్లు నేను చాలా చూశాను."

అష్రఫ్ లేచాడు. బయటికెళ్లి పైవాళ్లతో ఫోన్లో చాలాసేపు మాట్లాడాడు. తిరిగొచ్చి, నూనె బస్తా పక్కన పెట్టించి మిగతావన్నీ మంచి ధరకి ఖాయం చేశాడు. రంగు, మచ్చ పేరు చెప్పి సరుకు వెనక్కి పంపకూడదని ఒప్పంద కాగితంలో ఒక వాక్యం రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితం నాలుగుసార్లు చదివిన శ్రీదివ్యకి ఆ మాటే తట్టలేదు.

అతను వెళ్లాక కోడలు వచ్చి పున్నమ్మ పక్కన కూలబడింది. "నాకు చెప్పి చేయొచ్చుగా అత్తయ్యా."

"చెబితే వద్దంటావుగా."

నవ్వబోయి శ్రీదివ్య ఏడ్చేసింది. అత్త భుజం మీద తలపెట్టి, కళ్లు మాత్రం మొగుడి వైపు తిప్పింది. "మిమ్మల్ని ఊరికే అన్నానండి."

"అన్నావులే," అన్నాడు త్రినాథ్ బస్తా మూతి కడుతూ. "వచ్చే ఏడు కాలవ పక్క ఎకరంలో కూడా నువ్వు చెప్పినట్టే వేద్దాం."

ఇదమ్మా సంగతి. గుర్తుపెట్టుకో. ఏ ఇంట్లోనైనా ముసలామె ప్రేమకొద్దీ పని చెడగొట్టిందని కసురుకుంటుంటే, వాళ్లని కూర్చోబెట్టి పున్నమ్మ కథ చెప్పు. నేను చెప్పానని కాదు, నువ్వే చూసినట్టు చెప్పు.