ఎడమచేతి సంతకం

ఆ గురువారం పొద్దున కూడా కొరీన్ ఆఫీసుకు వెళ్తూ దారిలో అమ్మానాన్నల ఇంటి దగ్గర ఆగింది. పదకొండేళ్లుగా అదే అలవాటు. కోత అయిపోయిన గోధుమ పొలాల మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. వంటింట్లో తండ్రి ఆర్విల్ టెస్మన్ పొయ్యి దగ్గర నిలబడి సాసేజీలు వేయిస్తున్నాడు. తల్లి నడీన్ కిటికీ పక్క కుర్చీలో, స్వెటరు జేబుల్లో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది.

"అదేంటి, ఇవాళ వంట నాన్నదా?" అంది కొరీన్ కోటు విప్పుతూ.

"నలభై ఆరేళ్లు నేను వండాను. ఒక పూట ఆయన వండితే కొంపేం మునిగిపోదు" అంది నడీన్.

"మునగదులే, మాడుతుందంతే" అని కొరీన్ పెనం వైపు చూసి నవ్వింది.

ఆర్విల్ ఆ మాట విననట్టే, "ఇంతకీ లెక్కింపులో ఎవరు గెలుస్తున్నారే?" అని అడిగాడు.

"నన్నడక్కు నాన్నా. ఆఫీసు తలుపుకు అంటించిన లెక్కే నేనూ చెప్పగలిగేది. జడ్జి స్ట్రోమ్ పదకొండు ఓట్లు ముందున్నాడు."

"పదకొండేనా!" నడీన్ నిటారుగా కూర్చుంది. "అయితే ఆల్డెకోవా ఇంకా బరిలోనే ఉందన్నమాట."

అక్కడ జడ్జీలను కూడా జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు. కానీ టామరాక్ కౌంటీలో జడ్జి ఎన్నిక ఇంత బిగువుగా జరగడం ఎవరి ఎరుకలోనూ లేదు. వేన్ స్ట్రోమ్ ఇరవై నాలుగేళ్లుగా ఆ కుర్చీలో ఉన్నాడు. ఆయన మీద ఎవరూ పోటీ చేసేవారు కాదు, అందుకని ఎన్నిక జరిగినా జరగనట్టే ఉండేది. ఈసారి మైటే ఆల్డెకోవా అనే లాయరు నిలబడింది. ఏ జడ్జీ పన్నెండేళ్లకు మించి కూర్చోకూడదని, కోర్టు వారానికి రెండు సాయంత్రాలు కూడా నడవాలని ఆమె ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. పొద్దున తొమ్మిదికి కోర్టుకు రమ్మంటే ఆపిల్ పళ్లు ప్యాక్ చేసే షెడ్లలో పనిచేసేవాళ్లు పని వదులుకుని రావాలి, లేదంటే రాలేదని వారెంటు. ముప్పై ఒక్క ఏళ్లు స్కూలు బస్సు నడిపిన నడీన్‌కు ఆ ఇళ్లన్నీ తెలుసు. ఆర్విల్‌కేమో స్ట్రోమ్ ముప్పై ఏళ్లుగా చేపల వేటలో జోడీ. అందుకే వాళ్ల ముంగిట్లో గడ్డిలో రెండు ప్రచార బోర్డులు పాతి ఉన్నాయి. ఎడమ పక్క స్ట్రోమ్‌కని ఆర్విల్ పెట్టింది, కుడి పక్క ఆల్డెకోవాకని నడీన్ పెట్టింది. దారిన పోయేవాళ్లు చూసి నవ్వుకునేవాళ్లు.

కొరీన్ కౌంటీ ఎన్నికల ఆఫీసులో సంతకాలు సరిచూస్తుంది. ఆ రాష్ట్రంలో ఓట్లన్నీ పోస్టులోనే వస్తాయి. కవరు మీది సంతకం రికార్డులో ఉన్న సంతకంతో కలిస్తేనే లోపలి ఓటు లెక్కలోకి వెళ్తుంది. ఆ రోజు పదిన్నరకు ఆమె ముందున్న స్క్రీను మీదకు వచ్చిన పేరు, నడీన్ టెస్మన్.

కొరీన్ వెంటనే కుర్చీ వెనక్కి జరిపింది. ఇంట్లోవాళ్ల కవరు ముట్టకూడదనేది నియమం. ఆఫీసు పెద్ద డెలోరస్ పైక్ వచ్చి చూసింది, ఇంకొకరిని పిలిచి చూపించింది.

"కలవలేదు కొరీన్" అంది డెలోరస్ మెల్లగా. "దగ్గరగా కూడా లేదు. మీ అమ్మకు ఉత్తరం వెళ్తుంది. ఈ నెల ఇరవై నాలుగులోగా వచ్చి, ఆ సంతకం తనదేనని ఫారం మీద మళ్లీ సంతకం పెడితే సరిపోతుంది. అంతకుమించి ఈ కవరు గురించి నువ్వు నాతో మాట్లాడకూడదు. దానికి ముందు ఒక్కటి చెప్పు, నీకేమన్నా తెలుసా?"

"తెలీదు."

అది అబద్ధం కాదు. పూర్తిగా నిజమూ కాదు. కొరీన్ ఆ సంతకాన్ని చూసింది రెండు సెకన్లే. పదకొండేళ్ల పనిలో ఆమెకు రెండు సెకన్లు చాలు. తల్లి అక్షరాలు గుండ్రంగా, కుడివైపు వాలి ఉంటాయి. కవరు మీదివి గీసినట్టుగా, ఎడమవైపు వెనక్కి వాలి ఉన్నాయి. అలా వెనక్కి వాలేలా రాసేది ఎడమచేతి వాటం వాళ్లు. ఆ ఇంట్లో ఎడమచేతి వాటం ఒక్క తండ్రిదే.

పక్షపాతం లేకుండా చూడాలని తనకు తాను ఎంత చెప్పుకున్నా ఆమె ఆలోచన అక్కడే ఆగిపోయింది. జడ్జి స్ట్రోమ్ ఆయన స్నేహితుడు. తేడా పదకొండు ఓట్లు. ఒకరి సంతకం ఇంకొకరు పెట్టడం నేరం. నిజంగా అదే జరిగి ఉంటే ఫిర్యాదు కాగితం ప్రాసిక్యూటరుకు వెళ్లాలి. ఆ రాత గుర్తుపట్టింది తనొక్కతే కాబట్టి రాయాల్సిందీ తనే.

వారం గడిచింది. కొరీన్ రోజూ పొద్దునే ఇంటి దగ్గర ఆగుతూనే ఉంది. ఉత్తరం ఊసు ఎవరూ ఎత్తలేదు. ఒకరోజు ఉండబట్టలేక, "పోస్టులో ఏమన్నా వచ్చాయా అమ్మా?" అని అడిగింది.

"ఏమొస్తాయి, విత్తనాల కేటలాగు వచ్చింది" అంది నడీన్. ఆర్విల్ సింకు వైపు తిరిగి కప్పులు కడగసాగాడు. అప్పటికే కడిగిన కప్పులే.

పోస్టు డబ్బా తాళం తండ్రి దగ్గరే ఉంటుందని కొరీన్‌కు గుర్తొచ్చింది. సంతకం కలవని మిగతా ఓటర్లు కొందరు వచ్చి ఫారాలు నింపి వెళ్లారు, తేడా పదకొండు నుంచి ఐదుకు దిగింది. గడువు సోమవారంతో ముగుస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. బంగాళాదుంపలు, కారెట్లతో మెత్తగా ఉడికించిన గొడ్డుమాంసం. ప్రతి ఆదివారం బల్ల మీదే కోసి వడ్డించే మాంసం ఆ రోజు వంటింట్లోనే చిన్న చిన్న ముక్కలుగా కోసి ఉంది. కొరీన్ అది చూసింది కానీ ఆమె మనసు ఇంకోచోట ఉంది. నాలుగు ముద్దలు తిని ఫోర్కు పక్కన పెట్టేసింది.

"నాన్నా, ఒకటడుగుతాను. అబద్ధం చెప్పొద్దు. అమ్మ ఓటు కవరు మీద సంతకం నువ్వు పెట్టావా?"

ఆర్విల్ మొహం చెవుల దాకా ఎర్రబడింది. "ఏమన్నావు?"

"ఎడమచేతి రాత అది. నాకు తెలీదనుకోకు. ఆఫీసు నుంచి ఉత్తరం పంపి పది రోజులైంది. అది అమ్మకు ఇచ్చావా, దాచేశావా? రేపు గడువైపోతే ఆల్డెకోవాకు ఒక ఓటు పోతుంది. మీ వేన్‌కు అంత మేలు! అది జైలుకు తీసుకెళ్లే పని, తెలుసా నీకు? ఆ కాగితం నా చేత్తో రాయాలి నాన్నా, నా చేత్తో!"

"కొరీన్!" అంది నడీన్.

"నువ్వుండమ్మా. ఈయన..."

"నేనుండను. నువ్వుండు." నడీన్ గొంతు బస్సులో వెనక సీటు దాకా వినిపించే గొంతు. కొరీన్ నోరు మూసుకుంది.

నడీన్ స్వెటరు జేబులోంచి కుడిచెయ్యి తీసి బల్ల మీద పెట్టింది. ఆ చెయ్యి ఒక్కచోట నిలవలేదు. వేళ్లు తగిలి పళ్లెం పక్కనున్న చెంచా గలగలమంది. ఆ చప్పుడొక్కటే వినబడుతోంది.

"పార్కిన్సన్స్" అంది నడీన్. "ఏప్రిల్లో స్పోకేన్ ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. కుడిచేత్తో పేరు రాయబోతే కాగితం చిరిగింది. అందుకని ఎడమచేత్తో రాశాను. ఆ సంతకం నాదే."

కొరీన్ తల్లి చేతి వైపే చూస్తోంది. ఏప్రిల్ నుంచి. రోజూ పొద్దున ఇదే కిటికీ పక్కన, ఇదే స్వెటరు.

"ఉత్తరం నేను దాచలేదు" అన్నాడు ఆర్విల్. "వచ్చిన రోజే చేతికిచ్చాను. వెళ్దాం పద, ఫారం నింపి వద్దామని రోజూ బతిమాలుతున్నాను. ఓటు వేసేటప్పుడు కాగితం జారకుండా పట్టుకున్నది నేనే. ఎవరి పేరు పక్కన గడి నల్ల చేసిందో నా కళ్లారా చూశాను. ఆపరేషనైన కళ్లే, బాగానే కనబడుతోంది. వేన్ నాకు స్నేహితుడే. అయితే? ఆమె ఓటు ఆమెది."

"మరి నాకెందుకు చెప్పలేదు?" అంది కొరీన్. ఎవరినడుగుతోందో ఆమెకే తెలీదు.

జవాబు నడీన్ చెప్పింది. "ఆ కంటి ఆపరేషనప్పుడు, నెల రోజులకని నాన్న ట్రక్కు తాళాలు తీసుకున్నావు. ఎన్నాళ్లకు తిరిగిచ్చావు?"

"...ఆరు నెలలకు."

"అదీ సంగతి. నువ్వు ప్రేమతోనే చేస్తావు, నాకు తెలుసు. నా భయం కూడా అదే. చెప్పిన మర్నాడే పొయ్యి తీసేస్తావు, మెట్లకు రెయిలింగు పెట్టిస్తావు, నర్సును పెడతావు. ఇంకొన్నాళ్లు నా ఇంట్లో నేను మామూలు మనిషిలా ఉందామనుకున్నాను."

"సరే, నాకు చెప్పలేదు. ఆఫీసుకు వెళ్లడానికేం?"

నడీన్ చెయ్యి మళ్లీ జేబులో పెట్టుకుంది. "ఆ కౌంటరు దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. సగం మంది నా బస్సెక్కిన పిల్లలే. మంచు పడ్డ రోజుల్లో మిల్లు దగ్గరి దిబ్బ దిగేటప్పుడు వెనక నలభై మంది పిల్లలున్నా ఈ చేతులు ఒక్కసారి వణకలేదే. ఇప్పుడు నా పేరు నేను రాసుకోలేకపోవడం వాళ్లంతా చూడాలా?"

ఆఫీసులో పనిచేసే మనిషిగా వెళ్లు అని గానీ వద్దు అని గానీ చెప్పడానికి కొరీన్‌కు హక్కులేదు. కూతురిగా చెప్పే హక్కు ఇందాకే పోగొట్టుకున్నట్టనిపించింది.

ఆర్విల్ లేచి వెనక వరండాలోకి వెళ్లిపోయాడు. కాసేపటికి కొరీన్ కూడా వెళ్లి పక్కన నిలబడింది. చలికి ఇద్దరి నోళ్లలోంచీ ఆవిరి వస్తోంది.

"పది రోజులు నిన్ను దొంగలా చూశాను నాన్నా."

"చూశావు."

"నన్ను క్షమించు."

ఆయన పొలాల వైపు చూస్తూ నిలబడ్డాడు. "నొప్పేసింది" అన్నాడు చివరికి. "కానీ ప్రాసిక్యూటరుకు రాసేముందు నా మొహాన్నే అడిగావు చూడు, అందుకు పోనీలే అనుకుంటున్నాను. నిజంగా నేనే పెట్టుంటే రాసేదానివా?"

కొరీన్ కళ్లు తుడుచుకుంది. "రాసేదాన్ని."

"ఊఁ" అన్నాడు ఆర్విల్. "నేనూ అదే అనుకున్నాను." ఆయన తన కోటు తీసి ఆమె భుజాల మీద కప్పాడు.

సోమవారం మధ్యాహ్నం మూడింటికి కౌంటీ ఆఫీసు తలుపు తెరుచుకుంది. నడీన్ తన మంచి ఎర్రకోటు వేసుకుని వచ్చింది, వెనకే ఆర్విల్. కొరీన్ లేచి గది చివరికి వెళ్లి నిలబడింది. డెలోరస్ ఫారం తీసి కౌంటరు మీద పెట్టింది.

"కష్టంగా ఉంటే ఒక గీత గీయండి నడీన్. ఇద్దరు సాక్షులు సంతకం చేస్తే చాలు, అదీ చెల్లుతుంది."

"గీత కాదు, నా పేరే రాస్తాను. నీకు తొందరా?"

"నాలుగున్నర దాకా నాకే తొందరా లేదు."

నడీన్ పెన్ను ఎడమచేత్తో పట్టుకుంది. ఆర్విల్ ఫారం కదలకుండా రెండు వేళ్లు ఆనించాడు. మొదటి అక్షరానికే చాలాసేపు పట్టింది. వెనక ఇద్దరు వచ్చి నిలబడ్డారు. అందులో ఒకతను, నలభై ఏళ్లవాడు, ఆపిల్ షెడ్డు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నడీన్ అతని వైపు తిరిగి, "ఆలస్యమవుతోంది బాబూ" అంది.

"పర్లేదు మిసెస్ టెస్మన్" అన్నాడతను. "మా ఇంటి ముందు మీరు నా కోసం బస్సు ఎన్నిసార్లు ఆపి ఉంచారో నాకు గుర్తుంది. రాయండి."

నడీన్ మళ్లీ కాగితం మీదకు వంగింది. పూర్తయ్యాక డెలోరస్ ఆ సంతకాన్నీ కవరు మీది సంతకాన్నీ పక్కపక్కన పెట్టి చూసింది, గుర్తింపు కార్డు చూసింది, స్టాంపు వేసింది. గది చివర కొరీన్ గోడ వైపు తిరిగింది. ఆమె భుజాలు కదలడం ఆర్విల్ ఒక్కడే గమనించాడు.

తేడా మరీ తక్కువ కావడంతో ఓట్లన్నీ మళ్లీ చేత్తో లెక్కపెట్టారు. డిసెంబరు మొదటి వారంలో ఫలితం ఖరారైంది. కొరీన్ ఆ సాయంత్రం నేరుగా అమ్మానాన్నల ఇంటికి వచ్చింది. ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర ఎదురుచూస్తున్నారు.

"తలుపుకు కాగితం అంటించేశారు కాబట్టి చెప్పొచ్చు" అంది. "జడ్జి స్ట్రోమ్ గెలిచాడు. మూడు ఓట్లు."

ఆర్విల్ భార్య వైపు చూశాడు. ఆమె మొహం చిన్నబోతుందనుకున్నాడు. నడీన్ కాసేపు కిటికీలోంచి చూసి, ఇటు తిరిగింది.

"మూడేనా? నేను వెళ్లకపోతే నాలుగయ్యేది."

ఆర్విల్ ముందు అర్థంకానట్టు చూసి, తర్వాత పెద్దగా నవ్వేశాడు. "వేన్‌కు ఫోన్ చేసి చెప్తానుండు, మా ఇంటి నుంచే నీ మెజారిటీలో ఒకటి తగ్గించేశారని."

"చెప్పు. సాయంత్రం కోర్టు సంగతి ఆలోచించుకోమని కూడా చెప్పు. నాలుగేళ్లకు మళ్లీ నిలబడాలిగా" అంది నడీన్.

వాళ్లిద్దరూ నవ్వుతుంటే కొరీన్‌కు కన్నీళ్లు ఆగలేదు. కోటైనా విప్పకుండా తల్లి పక్క కుర్చీలో కూలబడింది. అడగాల్సినవి చాలా ఉన్నాయి. మందులేంటి, డాక్టరేమన్నాడు, మెట్ల సంగతేంటి. ఒక్కటీ అడగలేదు.

"ఏడవకు" అంది నడీన్. "నీకు చెప్పకపోవడం నా తప్పే. ఇదుగో, ఇది పట్టుకో. ఎవరైనా పట్టుకుంటే కొంచెం హాయిగా ఉంటుంది." కుడిచెయ్యి జేబులోంచి తీసి కూతురి ఒళ్లో పెట్టింది.

కొరీన్ ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. అది లోపల వణుకుతూనే ఉంది. ఆపాలని ఆమె గట్టిగా నొక్కలేదు. ఊరికే అలా పట్టుకుని కూర్చుంది.