పేపర్లో పడిన పేరు

తెల్లవారుజాము బస్సులో విజయవాడ నుంచి వచ్చిన పేపరు కట్టలు సైకిలుకు కట్టుకుని ఏజెంటు చిన్నయ్య, విలేకరి నరసింహులు ఇంటి ముందు ఆగాడు. సుభద్ర వాకిలి ఊడుస్తోంది.

"మీ ఆయన లేచారా అమ్మా? కట్టలో ఆయనకి ఆఫీసు చీటీ వచ్చింది" అన్నాడు. నరసింహులు ముఖం తుడుచుకుంటూ బయటికి రాగానే చిన్నయ్య నవ్వాడు. "మిమ్మల్ని మళ్ళీ బడికి పిలుస్తున్నారండోయ్. పలకా బలపం నా ఖర్చు!"

చీటీలో ఉన్నది కొద్దిపాటి సంగతే. చాలాకాలంగా పనిచేస్తున్న విలేకరులకు హైదరాబాదులో ఆరు వారాల శిక్షణ పెడుతున్నారు. దాచిపెట్టిన విషయాలను ఎలా వెలికితీయాలి, ఎలా రుజువు చేసుకోవాలి, ఎలా రాయాలి అన్నవి అక్కడి పాఠాలు. జిల్లా నుంచి నరసింహులుకు చోటు దొరికింది. వస్తాడో రాడో ఆ సాయంత్రం పంపే వార్తల కవరులోనే తెలియజేయాలి.

నలభై దాటిన నరసింహులు పదిహేనేళ్ళుగా నూజివీడు వార్తలు రాస్తున్నాడు. రోజూ కవరు బస్సు కండక్టరు చేతికిస్తే రాత్రికి ఆఫీసు చేరేది. ఇన్నేళ్ళలో అతనికి ఎవరూ ఏదీ నేర్పలేదు.

చిన్నయ్య వెళ్ళాక సుభద్ర చీపురు గోడకు ఆనించింది. "దేనికి బావా శిక్షణ? మామిడి తోటల గురించి రాశావే, అలాంటివి ఇంకా బాగా రాయడానికా?"

నరసింహులు చీటీ మడిచి పట్టుకుని లోపలికి వెళ్ళాడు.

కిందటి ఏడాది పూత కాలంలో, మామిడి తోటలో పురుగు మందు కొడుతూ ఇద్దరు కూలీలు పడిపోయారు. పూత మీదే ఆ తోట కాపును కొనుక్కున్న వ్యాపారి, వాళ్ళు కల్లు తాగి పడ్డారన్నాడు. ముక్కుకు గుడ్డయినా ఇవ్వకుండా ఎండలో మందు కొట్టించారని చెప్పింది సుభద్ర తమ్ముడు గంగరాజు. అతనూ ఆ తోటలో కూలీయే. నరసింహులు ఆ సంగతి రాశాడు. గంగరాజు ఇంటిపేరు, తండ్రి పేరు, ఉండే పేటతో సహా వేశాడు. తరువాత చుట్టుపక్కల ఏ తోటలోనూ గంగరాజును పనికి పిలవలేదు. మైలవరం వైపు బావి తవ్వకానికి వెళ్ళాడు. అది అతనికి అలవాటు లేని పని. వానకు నానిన గట్టు విరిగి మీద పడి ప్రాణం పోయింది.

అప్పటి నుంచి గంగరాజు తల్లి వెంకాయమ్మ వీళ్ళ దగ్గరే ఉంటోంది. ఆమె నరసింహులుకు స్వయానా మేనత్త.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ సుభద్ర అంది. "నువ్వు వెళ్ళే రోజున అమ్మను తీసుకుని నేను బాపులపాడు పిన్నమ్మ ఇంటికి పోతాను. మళ్ళీ తిరిగి రాను."

"నేను వెళ్ళడం లేదు. రాలేనని రాసి కవరులో పెట్టేశాను."

ఆ మాటతో ఆమె శాంతిస్తుందనుకున్నాడు. సుభద్ర గిన్నె ఠక్కున కింద పెట్టింది.

"అవునులే, నీకెందుకు! అన్నీ తెలిసినవాడివి. పేరెందుకు బావా, ఎవరో కూలీ చెప్పాడని రాయరాదా అని ఆ రోజు అడిగానా లేదా? ఏమన్నావు? 'నా పని నాకు తెలుసు, నువ్వు పొయ్యి చూసుకో' అన్నావు."

"సుభద్రా..."

"తెలిసి తెలిసే వేశావు. వాడు చచ్చాడు."

గోడకు చేరగిలబడ్డ వెంకాయమ్మ కదిలింది.

"అల్లుణ్ణెందుకంటావే? పేరు వేయమన్నది నేను. పేపర్లో కామందుల పేర్లేనా పడేది, నా కొడుకు పేరు పడకూడదా అన్నాను. పడ్డాక పేటంతా బెల్లం పంచాను. చదవడం రాకపోయినా ఆ కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. తోటల వాళ్ళకి వాడెవడో తెలియకపోతే నేనే తెలియజేశాను."

నరసింహులు కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

కాసేపటికి సుభద్రే అడిగింది. ఈసారి గొంతులో కోపం లేదు. "పేరు లేకుండా రాస్తే ఎవరు నమ్ముతారు బావా? నిజమని ఎలా చూపిస్తారు?"

"నాకు తెలియదు."

"ఆ రోజు తెలుసన్నావు."

"ఆ రోజూ తెలియదు సుభద్రా. పెద్ద విలేకరినని చెప్పుకుంటూ తిరిగాను. చెప్పినవాణ్ణి కాపాడుకోవాలని, దానికో పద్ధతి ఉంటుందని నాకు తెలియదు. నీ ముందు ఆ మాట అనలేకపోయాను."

సుభద్ర చూస్తూ చూస్తూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తమ్ముడి శవాన్ని ఇంటికి తెచ్చిన నాడు కూడా పనులు చూసుకుంటూ ఏడవని మనిషి, ఇప్పుడు వంటింటి గడప మీద కూలబడి ఏడ్చింది. ఇన్నాళ్ళూ ఆమె ఎదురుచూసింది ఆ ఒక్క మాట కోసమని నరసింహులుకు అప్పుడు తెలిసింది. అతను వెళ్ళి పక్కన కూర్చున్నాడు. ఆమె దూరం జరగలేదు.

"ఆ కాగితం తీసేయ్. వస్తానని రాయి" అంది కళ్ళు తుడుచుకుని.

"మీరిద్దరూ..."

"మేమెక్కడికీ పోము. నువ్వు వెళ్ళు."

సాయంత్రం అతను బస్టాండుకు బయలుదేరుతుంటే వెంకాయమ్మ పిలిచింది.

"పిందె కట్టే వేళకి తిరిగొస్తావా అల్లుడూ?"

"వస్తానత్తా."

"అప్పుడూ మందు కొడతారు. మా వాడిలాగే ఎవడో ఒకడు వచ్చి నీకు చెబుతాడు. వాడి తల్లి కూడా వస్తుంది, నా కొడుకు పేరు వేయి బాబూ అని. ఆవిణ్ణి కసురుకోకు. కూర్చోబెట్టి, ఎందుకు వేయకూడదో నిదానంగా చెప్పు."

నరసింహులు తల ఊపాడు. కొత్త చీటీ పెట్టిన కవరు పట్టుకుని బస్టాండుకు నడిచాడు.