అంకమ్మ కంబళి

పట్టుపురుగుల మీద పరిశోధన చేసేదానికి పట్టుపురుగంటేనే అసహ్యమని చెబితే ఎవరూ నమ్మరు. మా అమ్మ మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి నర్సు. చీమూ నెత్తురూ మధ్య పెరిగినదాన్ని, వాటికి ఏనాడూ జంకలేదు. కానీ చల్లగా, మెత్తగా, ముట్టుకుంటే వేలికి అతుక్కునే ఆ తెల్లటి ప్రాణిని చూస్తే మాత్రం నాకు ఒళ్ళు జలదరిస్తుంది. చేతికి తొడుగు లేకుండా ఒక్కదాన్నీ పట్టుకోలేదు. ల్యాబ్‌లో అందరూ నవ్వేవాళ్ళు. నవ్వనీ, నాకేం.

అది 2004. కుప్పంలో మాది చిన్న ల్యాబ్. పురుగు ఒంట్లో ప్రతి కణంలోనూ అన్ని జన్యువులూ ఉంటాయి. ఏది ఎప్పుడు మేలుకోవాలి, ఏది పడుకోవాలి అన్నదే అసలు కథ. తిండి మాని గూడు కట్టమని చెప్పే జన్యువు కాస్త ఆలస్యంగా మేలుకుంటే పురుగు ఇంకొన్నాళ్ళు మేస్తుంది, గూడు బరువెక్కుతుంది. మేం అలాంటి పురుగుల్ని తయారుచేశాం. ఆ గుడ్లను రామకుప్పం అవతల వెంకటేశులు అనే రైతుకిచ్చి పెంచమన్నాం. అతనూ, భార్య రెడ్డెమ్మా పురుగుల్ని పసిబిడ్డల్లా చూసుకుంటారని ఆ చుట్టుపక్కల పేరు.

వాళ్ళు పంపిన పురుగుల్ని పరీక్షకు పెట్టాను. మా పరీక్షలో ఒక గాజు పలక మీద వేల చుక్కలుంటాయి. మేలుకున్న జన్యువు చుక్క వెలుగుతుంది, పడుకున్నది వెలగదు. ఆ రోజు పట్టుపురుగులో ఎన్నడూ వెలగని చుక్కలు వెలిగాయి. మళ్ళీ చేశాను. మళ్ళీ వెలిగాయి. గుడ్డుగా ఉన్నప్పుడు తగిలిన వేడిని పురుగు జన్మంతా మరిచిపోదు, దాని ప్రభావం పిల్లల దాకా పోతుంది. ఇది మాకు పాత సంగతే. గుడ్లు పొదిగేటప్పుడు వీళ్ళేదో తేడా చేశారనుకుని, చిరాగ్గా జీపెక్కాను.

నేను చేరేసరికి మధ్యాహ్నం. ముసురు పట్టి ఉంది. పురుగుల షెడ్డు కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టారు. లోపల పట్టపగలే చీకటి. గడప దగ్గర చెప్పులు విడిచి, బ్లీచింగ్ పొడి మీద కాళ్ళు పెట్టి లోపలికెళ్ళాను.

ముందు వాసన కొట్టింది. మామూలుగా అక్కడ పచ్చి ఆకు వాసన, పురుగుల పెంట వాసన ఉంటాయి. వాటికి అలవాటు పడ్డాను. ఇది వేరు. నమిలి ఉమ్మిన తాంబూలం, పొగాకు, చాన్నాళ్ళు మంచం పట్టిన మనిషి పక్కబట్టలు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

తట్టల మధ్య పీట మీద రెడ్డెమ్మ కూర్చుని ఉంది. ఇరవై రెండేళ్ళ పిల్ల. లేవలేదు.

"ఆమె పక్కన లేకుంటే పురుగులు ఏమీ తినవు మేడమ్," అన్నాడు వెనక నుంచి వెంకటేశులు. "రాత్రీ పగలూ ఈడనే ఉండాది."

దగ్గర్లో ఉన్న తట్ట మీది గుడ్డ తీశాను. మల్బరీ ఆకు వేసింది వేసినట్టే వాడిపోయి ఉంది. పురుగులన్నీ ఒక మూలకు చేరి, ఎర్రటి ముద్దలాంటి దాన్ని కొరుకుతున్నాయి. తమలపాకు, సున్నం, పొగాకు. పొగాకు వాసన తగిలితే చాలు పట్టుపురుగు చస్తుంది. ఇవి చావలేదు. వాటి మూతులు ఎర్రగా ఉన్నాయి. ఒకటి నా వైపు తల తిప్పి, తట్ట అంచు మీద ఎర్రగా ఉమ్మింది.

గుడ్డ వదిలేశాను.

"ఏమేస్తాండారు వీటికి?"

"మల్బరీనే మేడమ్... ఇంకేమేస్తాం?"

"అబద్దం యాల? సెప్పప్పా," అంది రెడ్డెమ్మ. గొంతు లోపలెక్కడి నుంచో వస్తున్నట్టుంది. అతను కిటికీ గోనెపట్టా సర్దసాగాడు. చివరికి ఆమే చెప్పింది, గుసగుసగా.

"కరెంటు పోయినాది మేడమ్. హీటరు ఆరిపాయె. సలికి గుడ్లు సస్తాయని బయమైంది. అప్పుడు మా అత్త అంకమ్మకు జరం. మంచంలో ఉన్యా నోట్లో ఆకూ పొగాకూ ఇడ్సల్యా. ఒళ్ళు కాలిపోతాండె. ఆ వేడన్నా గుడ్లకు పనికొస్తాదని..."

"అని?"

"ఆమె కంబళిలో పెట్టినాం. పొట్ట మింద."

తట్ట దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేశాను.

"తెల్లార్తో కంబళి తీస్తే అత్త సల్లగుండాది. గుడ్లన్నీ పగిలి, పిల్లలు బైటికొచ్చేసినాయి. సీమల మాదిరి నల్లగా... ఆమె మెడ మింద. ముక్కులో. నోట్లో."

"మరి వాటినేం చేశారు?"

"మీరు నమ్మి ఇచ్చినవి గదా," అన్నాడు వెంకటేశులు తల దించుకుని. "పాడుచేసినామని మాటొస్తాదని... కోడి ఈకతో ఊడ్సి తట్టల్లో ఏసినాం. సావు జరిగిన ఇంట్లోవాళ్ళు షెడ్డులోకి రాగూడదు. అయినా వచ్చినాం."

"నోట్లోవి గూడా నేనే ఊడ్సినా," అంది రెడ్డెమ్మ. "నాలుక కిందివి గూడా."

ఛీ! గోడ పట్టుకుని నిలబడ్డాను. ఎంత అసహ్యం వేసిందంటే, వాళ్ళిద్దరినీ అక్కడే వదిలేసి పారిపోవాలనిపించింది. కానీ రెడ్డెమ్మ ముఖం చూశాను. పెదాలు పగిలి, పెదాల చివర్ల ఎరుపు అంటుకుని ఉంది. ఆ పిల్లకెప్పుడూ ఆకువక్క అలవాటు లేదు.

"ఈ పురుగులన్నిట్నీ కాల్చేయాల," అన్నాను. "ముందు ఈ పిల్లను కుప్పం ఆసుపత్రికి తీసుకుపోదాం. లెయ్యి రెడ్డెమ్మా."

"నన్ను తీసుకుపోండి మేడమ్..." అంది. "తొందరగా... అత్త నిద్రకు కూసుంటాండాది."

అంతే. కొరుకుతున్న చప్పుడు ఆగిపోయింది.

అన్ని తట్టల్లోనూ ఒకేసారి.

చీకట్లో కళ్ళు చికిలించి చూశాను. పురుగులన్నీ తలలు పైకెత్తి ఉన్నాయి. కదలిక లేదు. తోలు విడిచే ముందు పట్టుపురుగు అలాగే నిద్రకు కూర్చుంటుంది, తల ఎత్తి, రాయిలా. కానీ ఒకే క్షణంలో అన్నీ నిద్రపోవడం నేనెన్నడూ చూడలేదు.

రెడ్డెమ్మ గడ్డం కూడా మెల్లగా పైకి లేచింది. మెడ సాగింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. రెప్ప పడటం లేదు.

"రెడ్డీ... ఏయ్ రెడ్డీ..." వెంకటేశులు భుజం కుదిపాడు. పలకలేదు.

"పట్టుకో! బైటికి లాగు!"

అతనొక చెయ్యి, నేనొక చెయ్యి. తొడుగులు వేసుకునే తీరిక లేదు. ఆమె చెయ్యి చల్లగా, మెత్తగా ఉంది. నా వేళ్ళు లోపలికి దిగిపోతున్నట్టు అనిపించింది. పళ్ళు బిగించి లాగాను. గడప దాకా వచ్చాం. సన్నటి వాన వెలుతురు ఆమె మీద పడింది.

అప్పుడు నా చేతిలో ఏదో జారింది.

మోచేతి దగ్గర తోలు చిట్లింది. నెత్తురు రాలేదు. గాజులతో సహా, గోళ్ళతో సహా, చేతి తోలంతా తొడుగు ఊడినట్టు ఊడి నా చేతిలోకి వచ్చేసింది. గాజులు గడప మీద పడి పగిలాయి. నేను కేకపెట్టాను. వెంకటేశులు మాత్రం కేకపెట్టలేదు. ఆమె చేతినే చూస్తూ ఉండిపోయాడు.

లోపల ఇంకో చెయ్యి ఉంది. తడిగా, ముడతలు పడి, నరాలు తేలి. డెబ్బై ఏళ్ళ చెయ్యి. దాని మీద ఆకుపచ్చగా, వంకర అక్షరాలతో పచ్చబొట్టు. మునెప్ప.

"మా నాయిన పేరు," అన్నాడు వెంకటేశులు. "పుంగనూరు తిరునాళ్ళలో పొడిపించుకున్యాది... మా యమ్మ."

ఆమె తల దించింది. రెప్ప వేసింది. ఆ ముసలి చేత్తో అతని చెంప నిమిరింది.

"నాయినా వెంకటేసూ... ముసురులో తడస్తాండావే. నీ పెండ్లాం యాడబోయినాది?"

అతను మెల్లగా తల తిప్పి నా చేతిలోని తోలు వైపు చూశాడు. నేనూ చూశాను. పారేయాలనుకున్నాను, ఆ అసహ్యాన్ని దూరంగా విసిరేయాలనుకున్నాను. వేళ్ళు విప్పాను.

అది కింద పడలేదు. ఇంకా వెచ్చగా ఉంది. లోపల ఎముక లేదు, కండ లేదు...

దాని వేళ్ళు నా వేళ్ళను గట్టిగా పట్టుకుని ఉన్నాయి.