బేస్‌బాల్ పెళ్ళిచూపులు

చిన్నతల్లికి సూర్యం మీద మొదటిసారి కోపం వచ్చింది సదర్ బజార్‌లో, బట్టల కొట్టు దగ్గర. ఎర్రచీర ఒకటి భుజాన వేసుకుని అద్దంలో చూసుకుని మురిసిపోతుంటే, పక్కన తువ్వాలు బేరమాడుతున్న కుర్రాడు అడక్కుండానే అన్నాడు.

"ఆ రంగు నిలవదండీ. ఒక్క ఉతుకుకే పోద్ది."

"మిమ్మల్నెవరడిగేరు?"

"ఎవరూ అడగలేదు. చూస్తూ ఊరుకోలేక చెప్పేను."

పంతం కొద్దీ ఆ చీరే కొంది. మొదటి ఉతుకులోనే నాన్న డ్యూటీ చొక్కాతో సహా బాల్చీలో బట్టలన్నీ ఎర్రబడ్డాయి. ఆ పూట ఆమె తిట్టుకున్నది కొట్టువాణ్ణి కాదు, ఆ కుర్రాణ్ణి. తిట్టుకుంటూనే ఎవరో ఏమిటో ఆరా తీసింది. పేరు సూర్యం. లోకో షెడ్డులో ఫైర్‌మన్, ఇంజన్లో బొగ్గు వేసే పని. రైల్వే కాలనీలోనే ఉండే అప్పలస్వామి గారి మేనల్లుడు, తమలాగే రైల్వే పనికి ఈ హిందీ ఊరొచ్చిన చీపురుపల్లి వైపు వాళ్ళు. తర్వాత కుళాయి దగ్గర రెండుసార్లు ఎదురుపడితే మూతి ముడుచుకుంది. మూడోసారి తనే నవ్వింది.

ఆ నవ్వు పుణ్యమా అని అప్పలస్వామి సంబంధం మాట్లాడ్డానికి ఇంటికొచ్చాడు. చిన్నతల్లి తండ్రి ఆదినారాయణ గూడ్స్ డ్రైవరు, పాతికేళ్ళ సర్వీసు. ఇంట్లో ఆయన మాటే వేదం. "సూద్దాం" అన్నాడు. ఆ చూద్దాం నెలరోజులు నడిచింది.

అవి యుద్ధం రోజులు. అమెరికా సోల్జర్లు రైల్వే గ్రౌండు అవతల డేరాలు వేసుకుని ఉన్నారు. వాళ్ళకి కాలక్షేపం కోసం వాళ్ళ దేశం నుంచి బేస్‌బాల్ ఆడేవాళ్ళు రెండు జట్లుగా వచ్చారు. మాఘమాసంలో ఒక ఆదివారం ఆట పెట్టారు. కాలనీవాళ్ళు కూడా వచ్చి చూడొచ్చన్నారు.

"ఆ అబ్బాయినీ రమ్మను," అన్నాడు ఆదినారాయణ. "ఆట సూసినట్టూ ఉంటాది, అబ్బాయిని సూసినట్టూ ఉంటాది. సాయంత్రానికి అవుననో కాదనో చెప్పీస్తాను."

శనివారం పొద్దున చిన్నతల్లి కుళాయి దగ్గర సూర్యాన్ని పట్టుకుంది.

"మా నాన్న ఏటన్నా సరే, మీరు అవునండి అనండి. ఒక్క పూటే కదా!"

"తప్పు చెప్పినా?"

"తప్పు చెప్పినా! ఎదురు మాటాడితే ఆయనకి గిట్టదు."

"చూస్తాను."

"చూస్తానంటే కుదరదు. నాకు మీరే కావాల!" అనేసి, నాలుక కరుచుకుని, సగం నిండిన బిందె ఎత్తుకుని ఇంటికి పరుగెత్తింది.

ఆదివారం చిన్నతల్లి తల్లి అచ్చియమ్మ గ్రౌండు పక్కన చాప పరిచి, ఉడకబెట్టిన వేరుశనక్కాయల మూట విప్పింది. సూర్యం ఉతికిన చొక్కాలో వచ్చి, తలదించుకుని ఆదినారాయణ పక్కన కూర్చున్నాడు. గోళ్ళలో బొగ్గు మాత్రం ఎంత తోమినా పోలేదు. చిన్నతల్లికి అదీ ముద్దుగానే కనిపించింది.

"ఈళ్ళు జీతానికి ఆడతారట మావయ్యా," అన్నాడు సూర్యం.

"ఆటకి జీతమేటి బాబూ?" అచ్చియమ్మ నోరు తెరిచింది. "క్వార్టరు కూడా ఇస్తారేటి?"

"రైలు పాసులిస్తారో లేదో అడుగు," అని ఆదినారాయణ నవ్వాడు. "అచ్ఛా, ఈ ఆట నీకెలా తెలుసు?"

"మొన్న గతౌరా స్టేషన్లో మా బండి ఓ పూటంతా నిలబడిపోయింది మావయ్యా. సోల్జర్లు దిగి పక్క పొలంలో ఆడేరు. బంతులందిస్తూ నేర్చుకున్నాను."

ఆట మొదలైంది. ఒక పొడుగాటి మనిషి కర్ర పట్టుకుని నిలబడ్డాడు. అవతలివాడు విసిరిన బంతి కంటికి కూడా ఆనలేదు. కర్ర తగిలిన చప్పుడు మాత్రం వినిపించింది. బంతి లేచింది, లేస్తూనే ఉంది, నీళ్ళ ట్యాంకు మీదుగా దాటిపోయింది. గ్రౌండంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది.

"ఓలమ్మో! మన బిళ్ళంగోడే గాని, ఎంత అందంగా కొట్టేడో!" అంది అచ్చియమ్మ.

"పని తెలిసినోడు," అన్నాడు ఆదినారాయణ. ఆయన నోట అంతకు మించిన మెప్పు లేదు. ఆ మాట సూర్యం గురించి కూడా అంటే ఎంత బావుణ్ణో అనుకుంది చిన్నతల్లి.

కాసేపటికి ఇంకొకడు చివరి మూల నుంచి కర్రవాడు నిలబడే చోటికి పరుగెత్తుకొచ్చి నేలమీద జారాడు. సరిగ్గా అదే క్షణానికి బంతీ వచ్చింది. దుమ్ము లేచింది. అంపైరు వంగి రెండు చేతులూ అడ్డంగా చాపాడు.

"ఔట్!" అని కేకేశాడు ఆదినారాయణ. "రెండు చేతులూ అడ్డం పెట్టేడు, సూసేవా? ఆగమని! ఈడు ఆగకుండా దూసుకొచ్చీసేడు."

చుట్టూ ఉన్న షెడ్డువాళ్ళందరూ అవునవునన్నారు. రైల్వేవాళ్ళకి రెండు చేతులు లేచాయంటే డేంజరే, బండి ఆపాల్సిందే మరి.

సూర్యం నోరు విప్పాడు. చిన్నతల్లి కళ్ళతోనే వద్దంది.

"కాదు మావయ్యా. చేతులు చాపితే బంతికన్నా ముందే క్షేమంగా చేరేడని. ఔటైతే పిడికిలి ఎత్తుతాడు."

"పాతికేళ్ళు చేతులు సూసి బండి నడిపినోణ్ణి. మళ్ళీ చెప్పు."

"మీమీద గౌరవం లేక కాదు మావయ్యా. కానీ ఆడు ఔట్ కాలేదు."

షెడ్డువాళ్ళు గొల్లుమన్నారు. సూర్యం చెవులు ఎర్రబడ్డాయి, మాట మాత్రం మారలేదు. అయిపోయిందనుకుంది చిన్నతల్లి. ఏడుపొచ్చింది. ఏడుపు వెనకాలే, ఇంతమంది నవ్వుతున్నా తొణక్కుండా కూర్చున్న ఆ మనిషి మీద గర్వమూ వచ్చింది.

ఆదినారాయణ గిరుక్కున కూతురివైపు తిరిగాడు.

"నువ్వూ పొద్దుట్నించీ సూస్తన్నావు గదా. నువ్వేటంటావే?"

అవునండి అనమని చెప్పింది తనే. ఇప్పుడా అవునండి తన నాలుక చివర నిలబడి ఉంది. అందాకా ఔటైన ప్రతివాడికీ అంపైరు పిడికిలి ఎత్తడం తనూ చూసింది.

"ఔట్ కాదు నాన్నా," అంది చిన్నతల్లి, కాలనీ అంతా వింటుండగా. "ఆయన చెప్పిందే నిజం."

అచ్చియమ్మ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. అవతల ఒక సోల్జరు నిదానంగా బోర్డు మీద అంకె మార్చాడు. పరుగు లెక్కకొచ్చింది.

ఆదినారాయణ కళ్ళు చిట్లించి ఆ బోర్డుని చూశాడు.

"ఇంజన్లో సిగ్నల్ కనబడగానే నాను కేకేస్తాను," అన్నాడు. "ఫైర్‌మనూ తన కళ్ళతో సూసి కేకెయ్యాల. నా కేకకి వంతపాడీవోడైతే ఏదో రోజు బండి పడిపోద్ది. రెండు కేకలూ కలిస్తేనే నాను ముందుకెళ్తాను." సూర్యాన్ని చూశాడు, కూతుర్ని చూశాడు. "ఇయ్యాల తప్పు సూసింది నాను. మీ ఇద్దరి కేకా కలిసింది. ఇంక ఈ బండి ఆపడానికి నానెవణ్ణి?"

భార్యవైపు తిరిగి, "అప్పలస్వామికి కబురెట్టు. ముహూర్తం సూద్దారి," అన్నాడు.

అచ్చియమ్మ కళ్ళు తుడుచుకుని, వేరుశనక్కాయలు రెండు గుప్పిళ్ళూ సూర్యం ఒళ్ళో పోసేసింది.

"చెప్పిన మాట వినలేదు మీరు," అని గొణిగింది చిన్నతల్లి.

"విని ఉంటే అంతమందిలో నా తరఫున మాటాడుదురా?"

ఆమె కాయ ఒలిచి, గింజలు అతని అరచేతిలో పెట్టింది. అతను తినడం మరిచిపోయి ఆమెనే చూస్తూ కూర్చున్నాడు. వెనక గ్రౌండులో పెద్ద కేక లేచింది, టోపీలు గాల్లోకి ఎగిరాయి. ఎవరో గెలిచారు. ఎవరన్నది ఆ ఇద్దరికీ ఇప్పటికీ తెలియదు.