రుద్రంగికి ఆరు బాతులు

"నీకు పెద్దబాతులు ఇయ్య," అన్నాడు జైపాల్.

కోరుట్ల అంగడిలో సన్నగా తుంపర పడుతోంది. గంపలోంచి మెడలు చాచి చూస్తున్న తెల్లటి పెద్దబాతుల వైపు నవనీత మరోసారి వేలు చూపించింది. రుద్రంగి నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. ఉత్త చేతులతో తిరిగిపోయే ఆలోచన ఆమెకు లేదు.

"అంగడికి తెచ్చి ఇయ్యనంటవేంది?"

"ఇంటెనుక జాగెంత?"

"రెండు గుంటలు."

"గడ్డి ఉందా?"

"లేదు. వట్టి మట్టే."

"మరేం తింటయవి? పెద్దబాతులు ఆవుల లెక్క గడ్డి మేస్తయి. కొత్తగ పెంచెటోళ్లు మామూలు బాతులతోని మొదలువెట్టాలె. గీ ఖాకీ క్యాంప్‌బెల్ జాతియి తీస్కపో. ఐదు ఆడయి, ఒకటి మగది. గుడ్లు మంచిగ పెడ్తయి."

"ఆడయేవో మగదేదో ఎట్ల తెలుస్తది?"

"గొంతు పెంచి మాట్లాడేది ఆడది. మగదాని గొంతు బొంగురు. పాపం, గట్టిగ రాదు."

అతడి కళ్లలో నవ్వు చూసి నవనీతకు ఒళ్లు మండింది. అయినా ఆరింటినీ తీసుకునే బస్సెక్కింది.

ఏడాది కిందట కల్లు గీస్తూ తాటిచెట్టు మీద నుంచి పడి ఆమె తండ్రి మొండయ్యకు తుంటి విరిగింది. మళ్లీ మోకు కట్టి చెట్టెక్కలేదు. మాట కూడా తగ్గిపోయింది. పెరట్లో మంచం వేసుకుని పొద్దంతా గోడ వైపు చూస్తూ కూర్చునేవాడు. ఆయన కోసమే నవనీత సిరిసిల్లలో కుట్టుపని మానేసి ఇంటికి వచ్చేసింది. ఆ పెరట్లోనే ఏదో ఒకటి నిలబెట్టి తీరాలనుకుంది.

మూడు వారాలైనా ఒక్క గుడ్డు కనబడలేదు. ఫోన్ చేసి, "ముసలియి అంటగట్టినవ్ కదా," అని దులిపేసింది. మర్నాడే జైపాల్ వానలో తడుస్తూ బైక్ దిగాడు.

"పొద్దుగాల ఎన్నింటికి వదుల్తున్నవ్?"

"ఐదింటికి."

"అందుకే. బాతులు తెల్లారంగనే పెడ్తయి. తొమ్మిదింటి దాకా గూట్లెనే ఉంచాలె. ఎక్కడ్నో బయట పెడుతున్నయి."

"ఎక్కడ?"

"ఆముదం చెట్ల కింద," అన్నాడు మంచం మీది నుంచి మొండయ్య. "ఇప్పటికి ఇరవై మూడు."

నవనీత తెల్లబోయింది. "ఎరికుండి చెప్పలేదేంది, బాపూ?"

"నన్నెవలడిగిండ్రు, బిడ్డా?"

జైపాల్ వెళ్లి మంచం అంచున కూర్చున్నాడు.

"కాకా, నీళ్ల తొట్టి లోతు సాలదు. బాతు తల మునగాలె, లేకుంటే కండ్లు చెడుతయి. గుంత ఎక్కడ తవ్వుదం?"

మొండయ్య కట్టె అందుకుని లేచాడు. చోటు చూపించి, ఎంత లోతు తవ్వాలో, నీళ్లు ఎటు పారాలో చెబుతూ సాయంత్రం దాకా ఆపలేదు. మోకాళ్ల దాకా బురదతో గుంత తవ్వుతూ, ఆయన ప్రతి మాటకూ ఊకొడుతున్న జైపాల్‌ను నవనీత గుమ్మంలో నిలబడి చూసింది. టీ పొంగిపోయిన సంగతి కూడా గమనించలేదు.

ఆ తర్వాత అతడు వారానికోసారి రావడం మొదలుపెట్టాడు. గుంత నీళ్లు పారిన చోట గడ్డి పెరిగాక, "ఇగ నువ్వు సాదగలవ్," అంటూ ఒక పెద్దబాతుల జంటను తెచ్చాడు. తెచ్చినవాడన్న విశ్వాసమే లేదు వాటికి. అతడి బైక్ చప్పుడు వినబడితే చాలు, వాడంతా వినేలా అరిచేవి. "మీ చుట్టం అచ్చిండు," అని పక్కింటి చిన్నవ్వ గోడ మీదుగా నవ్వేది.

ఉన్నట్టుండి రెండు వారాలు జైపాల్ రాలేదు. ఫోన్ ఎత్తలేదు. మూడో వారం అంగడి రోజున నవనీత కోరుట్ల వెళ్లింది.

ఆమెను చూసి జైపాల్ గంప తాళ్లు సర్దుతున్నట్టు వంగాడు.

"ఎందుకొస్తలేవ్?"

"మీ బాపు రావద్దన్నడు."

"ఏమన్నడో ఉన్నదున్నట్టు చెప్పు."

"ఊళ్లె మాటలొస్తున్నయి, ఏం పని మీదొస్తున్నవో చెప్పి రా, లేకుంటే రాకు అన్నడు."

"మరి చెప్పలేదా?"

"ఏమని చెప్పాలె? బాతులన్నీ మంచిగనే ఉన్నయి కదా."

"నువ్వు బాతుల కోసమే వస్తున్నవా, జైపాల్?"

బాతుల గురించి గంటసేపు చెప్పగల మనిషి, చినుకులు ముఖం మీద పడుతుంటే తల అడ్డంగా ఊపాడు.

"నేనైతే నీ కోసమే ఎదురుచూస్తున్న," అంది నవనీత. చూపు దించలేదు. "గంప సర్దు. ఇయ్యాల్నే పోదం."

బైక్ రుద్రంగి చేరేసరికి మొండయ్య వాకిట్లోనే ఉన్నాడు.

"ఏం పని మీదొచ్చినవ్?"

"బాపూ, మేమిద్దరం..."

"నిన్నడగలే, బిడ్డా. ఆయన్ని చెప్పనీ."

జైపాల్ తడి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. పెద్దబాతులు రెండూ మీదికొచ్చి ఒకటే అరుపు. వాటిని మించి వినబడేలా అరిచాడు.

"నవనీతను పెండ్లి చేసుకుంట, మామా. ఆమెకు కూడ ఇష్టమే."

గోడ అవతల చిన్నవ్వ చెరుగుతున్న చాట ఆగిపోయింది. వీధిలో ఎవరో సైకిల్ దిగి నిలబడ్డారు. నవనీత రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"పొయినసారి దాకా కాకానే కదా," అన్నాడు మొండయ్య. కాసేపు అతణ్ని ఎగాదిగా చూశాడు. తర్వాత పక్కకు జరిగి, లోపలికి రమ్మన్నట్టు దారి ఇచ్చాడు. "ఐతారం మీ అమ్మను తోలుకరా. నాకు చెవులు మంచిగనే ఇనవడ్తయని ఆమెకు చెప్పు, ఆమెనన్న జర మెల్లగ అడుగుతది."