తూర్పు గంటకు జవాబు

ప్రతి స్టేషన్ చరిత్రా, సౌకర్యాలూ ఒక పేజీలో రాసి పంపమని పెద్దాఫీసు నుంచి కాగితం వచ్చింది. కొత్తగా వచ్చిన స్టేషన్ మాస్టరుకి నవ్వొచ్చింది. పేజీ దేనికి, ఈ కొంపకి పోస్టుకార్డే ఎక్కువ. నీళ్ళు రాని కొళాయి, గొళ్ళెం లేని మరుగుదొడ్డి, కూర్చుంటే కిర్రుమనే రెండు బెంచీలు, రోజుకి రెండు బండ్లు. వీటన్నిటి మీదా మనిషంత అక్షరాలతో జంక్షన్ అని బోర్డు. పేరు గొప్ప ఊరు దిబ్బ అని గొణుక్కుంటూ రాయడానికి కూర్చున్నాడు. ఇంకా ఎండ తగ్గలేదు. పడమటి నుంచి వచ్చే ఆరింటి బండిలో భార్యా, ఐదేళ్ళ కూతురూ వస్తున్నారు. వాళ్ళను చూసి మూడు నెలలైంది. వాళ్ళు దిగేలోగా ఈ పీడ వదిలించుకోవాలని అతని ఆత్రం.

చరిత్ర కోసం పాయింట్స్‌మన్‌ని పిలిచాడు. ముప్పై ఐదేళ్ళుగా ఇక్కడే పట్టాలు మారుస్తున్న పెద్దాయన. ఆయన చెప్పింది మాస్టరు ఆవలిస్తూ విన్నాడు. ఒకప్పుడు తూర్పుకి కూడా లైను ఉండేదట. అవతలి స్టేషన్ వాళ్ళు అక్కడ పిడి కొడితే ఇక్కడ గోడకున్న గంటపెట్టె మోగేదట; మూడుసార్లు మోగితే బండి పంపనా అని అడిగినట్టు. ఇటు నుంచి మూడు కొడితే పంపమన్నట్టు. ఒక సాయంత్రం అటు అడిగారు, ఇటు రమ్మన్నారు. బండి బయల్దేరింది గాని ఇక్కడికి చేరలేదు. వెతికితే ఖాళీ పట్టాలే కనిపించాయి. తర్వాత ఆ లైను మూసేసి పట్టాలు పీకేశారు. గంటపెట్టెను తీయడానికి మాత్రం పైనుంచి ఉత్తరువు రావాలి కనుక, అది గోడకే ఉండిపోయింది.

ఆయన చెబుతుండగానే ఆ పెట్టె మోగింది. మూడుసార్లు.

పెద్దాయన కదల్లేదు. అది అప్పుడప్పుడు అలా అడుగుతుందని, ఇక్కడ పనిచేసిన మాస్టర్లందరూ తలొంచుకుని తమ పని చూసుకున్నారే తప్ప జవాబివ్వలేదని మెల్లగా చెప్పాడు.

ఎలుకలు, అన్నాడు మాస్టరు. ఎలుకలకు జడిసి తలొంచుకున్న ఆ మాస్టర్లందరి మీదా అతనికి అసహ్యం వేసింది. చదువుకున్నవాళ్ళేనా వీళ్ళు? లేచి వెళ్ళి, పెద్దాయన వంక చూసి కన్నుగీటి, పెట్టె పిడి పట్టుకుని మూడుసార్లు కొట్టాడు.

"రమ్మన్నాను. ఇదీ చరిత్రలో రాస్తాను."

"రమ్మంటే వచ్చేస్తుంది బాబూ," అన్నాడు పెద్దాయన. "ఉన్నది ఒక్క లైనే. ఎదురుగా మనవాళ్ళ బండి..."

మాస్టరు పకపకా నవ్వాడు. నవ్వుతుండగానే బొగ్గు పొగ వాసన తగిలింది. బొగ్గు ఇంజన్లు పోయి ఎన్నేళ్ళో అయింది. తూర్పున ముళ్ళకంపలు తప్ప ఏమీ లేవు. ఆ కంపల్లోంచే చక్రాల చప్పుడు... దగ్గరగా... ఇంకా దగ్గరగా.

అతనికి భయం వేసింది. పడమటి స్టేషన్‌కి ఫోన్ చేశాడు. ఆరింటి బండి ఎప్పుడో వదిలేశామన్నారు. పరుగున వెళ్ళి సిగ్నల్ మీట లాగి ఎర్రదీపం వేశాడు. దూరంగా కూత వినిపించింది. భార్యాబిడ్డలున్న బండి ఊరవతల అవుటర్ సిగ్నల్ దగ్గర ఆగింది. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది.

ప్లాట్‌ఫారం మీద బ్రేకులు కీచుమన్నాయి. ఏమీ కనబడలేదు. గుమ్మంలో నిలబడ్డ అతని మొహాన వేడి ఆవిరి కొట్టింది. తలుపు తెరుచుకున్న చప్పుడు... ఒక జత బూట్లు దిగిన చప్పుడు. ఆఫీసు గుమ్మం దాకా నడిచాయి. అతని ఎదురుగా ఆగాయి. చాలాసేపు అక్కడే ఉన్నాయి. తర్వాత తిరిగి వెళ్ళి ఎక్కాయి.

బండి కదిలింది. పడమటికి. అవుటర్ వైపు.

"వద్దు..." అంటూ ప్లాట్‌ఫారం కొసదాకా పరుగెత్తాడు. గుద్దుకునే చప్పుడు కోసం కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. నిమిషం... రెండు... పది నిమిషాలైనా ఏ చప్పుడూ లేదు.

పెద్దాయనే సిగ్నల్ దించి దారిచ్చాడు. ఆరింటి బండి గీతైనా పడకుండా లోపలికి వచ్చింది. మాస్టరు ఏడుస్తూ, నవ్వుతూ బోగీ బోగీకీ పరుగెత్తాడు. ఆరుగురు దిగారు. వాళ్ళలో తనవాళ్ళు లేరు. లోపలా లేరు.

చివరి బోగీలోంచి గార్డు దిగాడు. రోజూ చూసే మనిషే. మాస్టరు అతని చొక్కా పట్టుకుని నా భార్యేది, నా కూతురేది అని అడిగాడు.

"అదేంటండీ, అవుటర్ దగ్గర పక్క లైన్లో ఇంకో బండి ఆగలేదూ?"

"అక్కడ పక్క లైను లేదయ్యా," అన్నాడు వెనకనుంచి పెద్దాయన.

గార్డు ఆయన మాట పట్టించుకోలేదు. మాస్టరునే కిందికీ పైకీ చూశాడు.

"మీరేగా ఆ బండి దిగొచ్చి ఇద్దర్నీ అందులోకి ఎక్కించారు. పాప మిమ్మల్ని చూసి ఎగిరి గంతేసింది. మరి మీరు ఇక్కడికెలా వచ్చారు?"