రెండు మహాగని గిటార్లు, ఒక చెయ్యి

“వదలండి. ముందు నేను పట్టుకున్నా.”

అలా అన్నది ఏంజెలిన్. గిటార్ మెడ ఆమె చేతిలో ఉంది. నడుము మాత్రం ఒక పొడుగాటి అబ్బాయి చేతుల్లో ఉంది.

“మెడ పట్టుకుంటే మీదైపోతాదా? దీనికోసం తడుసుకుంటా వచ్చినా.”

“నేనేమన్నా పల్లకీలో వచ్చినానా? ఉదయగిరి బస్సు కిటికీకి అద్దం లేదు. సగం వాన నా మీదే పడింది. ఈ ఆదివారం మా చర్చిలో కోతపండగ, నాకిది కావాల్సిందే.”

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా ఉన్న ఆ కొట్టు మస్తానయ్యది. మైకుసెట్లు, డోలక్కులు, హార్మోనియాలు అమ్ముతాడు. బయట తుఫాను వాన ఈడ్చి కొడుతోంది.

“లాగబాకండి సామీ! విరిగితే చెరో ముక్కా ఎత్తుకోని పోవాల్సిందే,” అన్నాడు మస్తానయ్య. “ఇది బెల్‌మోరా. అదిగో గోడకి సెరినో. ఇదీ మహాగని చెక్కే, అదీ మహాగని చెక్కే. ఆ కంపెనీలోళ్ళిద్దరికీ పడదు. ఒకడేం చేస్తే రెండోవాడూ అదే చేస్తాడు. పక్కపక్కన పెడితే చేసినోడు గూడా కనుక్కోలేడు.”

నిజమే. రెండూ ఎండిన చింతపండు రంగులో అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి. కానీ ఫోన్లో చూసిన వీడియోలన్నీ బెల్‌మోరానే పొగిడాయి. కొట్టులో ఉన్నది ఒక్కోటే.

ఏంజెలిన్ ఊరికే పట్టుబట్టలేదు. ఆమె నాయన ఆదెయ్య ఉదయగిరి సంఘంలో పెద్ద. చర్చిలో పాటలకి తాతల నాటి హార్మోనియం చాలనేది ఆయన వాదం. డిగ్రీ అయ్యి, కాన్వెంటులో పాఠాలు చెప్పే కూతురు ఎన్నాళ్ళో బతిమాలితే చివరికి దిగొచ్చాడు. “కోతపండగకి తెచ్చుకో. సంఘానికి నచ్చితే ఉంటాది. నచ్చకపోతే ఇంక నా దగ్గర గిటార్ మాటెత్తబాక,” అన్నాడు. కోతపండుగ ఈ ఆదివారమే.

ఆ అబ్బాయి పేరు దయాసాగర్. ఆత్మకూరులో సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు. ఆదివారాలు అక్కడి చర్చిలో గిటార్ వాయిస్తాడు. మొన్నటి ఎండలకి అతని పాత గిటార్ పొట్ట పగిలింది.

“ఒక పని చేద్దాం. మీరు గోడవైపు తిరగండి. నేను రెండూ వాయిస్తా. నచ్చింది మీది, మిగిలింది నాది.”

“మోసం చేస్తే?”

“చర్చిలో వాయించే చెయ్యండీ ఇది!”

ఏంజెలిన్ గోడకున్న క్యాలెండర్ వైపు తిరిగింది. వెనక తీగలు మోగాయి. కానుకల వేళ పాడే పాట అది. ఒక్కో స్వరం తాపీగా వచ్చి చెవిలో కూర్చుంది. బయట వాన కూడా ఆగి విన్నట్టనిపించింది. కాసేపాగి రెండోసారి అదే పాట.

“మొదటిదే,” అంది ఆమె తడుముకోకుండా. “మొదటిది కుండలో నీళ్ళు. రెండోది రేకు మీద వాన.”

దయాసాగర్ పగలబడి నవ్వాడు. “రెండుసార్లూ వాయించింది సెరినోనే! బెల్‌మోరాని ముట్టనే లేదు!”

మస్తానయ్య కూడా కిసుక్కుమన్నాడు. ఏంజెలిన్ చెంపలు భగ్గుమన్నాయి. ఇంకొకరైతే వానలోకి పరుగెత్తేవాళ్ళే. కానీ ఆమెకి తన చెవుల మీద నమ్మకం. వాళ్ళ చర్చిలో పాటలు ఎత్తుకునే హన్నమ్మ అవ్వ ప్రతి ఆదివారం ఒక కొత్త శ్రుతిలో మొదలుపెడుతుంది. మొదటి మాటకే ఆ శ్రుతిని పట్టుకోవడం చిన్నప్పటి నుంచీ ఏంజెలిన్ పని.

“గిటార్ ఒకటే కావచ్చు. చెయ్యి ఒకటి కాదు,” అంది.

“అంటే?”

“మొదటిసారి పాట వాయించినారు. రెండోసారి నవ్వు ఆపుకుంటా వాయించినారు. అందుకే తొందరపడింది. మీ నోటికి అబద్ధం వచ్చేమో గానీ మీ చేతికి రాదు.”

దయాసాగర్ నవ్వు ఆగిపోయింది. తన చెయ్యి వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశాడు. ఆమె వైపు చూడటమే కొంచెం ఎక్కువసేపయ్యింది.

“మస్తానన్నా, సెరినో నాకియ్యి. బెల్‌మోరా ఆయన్ని తీసుకోమను.”

“ఇంతసేపూ దీనికే గదా కొట్లాడితిరి?” అన్నాడు దయాసాగర్.

“అప్పుడు పేరు చూసినా. ఇప్పుడు విన్నా.”

ఆమె గుమ్మం దాటుతుంటే వెనక నుంచి దయాసాగర్ గొంతు వినిపించింది. “మీ కోతపండగకి వేరే ఊరోళ్ళు రావచ్చునా?”

“కానుక తెచ్చినోళ్ళని మా సంఘం ఎప్పుడూ ఆపలా,” అంది తిరిగి చూడకుండానే.

కోతపండుగ నాడు ఎవరికి పండింది వాళ్ళు చర్చికి తెస్తారు. ఆరాధన అయ్యాక వరండాలో వాటిని వేలం వేస్తారు. ఒక అమ్మాయి ఇంటి కానుకని ఒక కుర్రాడు పట్టువదలకుండా పాడాడంటే సంఘానికంతా సంగతి అర్థమైపోతుంది. అమ్మాయిలు మాత్రం ఎప్పుడూ పాడరు.

ఆదివారం దయాసాగర్ వచ్చాడు. వీపున బెల్‌మోరా, చంకన గుమ్మడికాయ.

“ఎవురమ్మే అది?” అంది హన్నమ్మ అవ్వ.

“ఆత్మకూరు గుమ్మడికాయ అవ్వా.”

“కాయ సంగతి కాదమ్మే నేనడిగింది!”

అవ్వ ఆ రోజూ తన ఇష్టమొచ్చిన శ్రుతిలోనే ఎత్తుకుంది. సెరినో ఆ శ్రుతిని అందుకుని, అవ్వ గొంతు కింద మెత్తగా పరుచుకుంది. ఏంజెలిన్ ఓరగా నాయన వైపు చూసింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. కాలి బొటనవేలు మాత్రం తాళం వేస్తోంది. ఇక గిటార్ ఎక్కడికీ పోదు!

ఆరాధన అయ్యాక చర్చి పక్క గోడ దగ్గర దయాసాగర్ ఎదురొచ్చాడు.

“ఏంజెలిన్, నీకొక మాట చెప్పాలని…”

“నోటితో వద్దు. వాయించు.”

ఆమె గోడవైపు తిరిగి నిలబడింది. బెల్‌మోరా మీద అదే పాట మొదలైంది. చివరి దాకా ఒకే తాపీ.

“చెయ్యి తొందరపడిందా?” అన్నాడు దయాసాగర్.

“లేదు.”

“ఇప్పుడు చెప్పు. సెరినోనా, బెల్‌మోరానా?”

“ఏదైనా పర్లా,” అంది ఏంజెలిన్, గోడకి మాత్రమే కనపడేలా నవ్వుతూ. “చెయ్యి ఇదే అయితే చాలు.”

వేలం మొదలైంది. పాడించేది ఆదెయ్యే. ఆయన ఇంటి కానుక ఒక బక్క కోడిపుంజు. దయాసాగర్ దాన్ని పాడాడు. ఎవరు పెంచినా ఇంకొంచెం పెంచాడు. వరండా అంతా గుసగుసలు.

“ఆ పుంజుకి ఈకలు తప్ప ఏముండాయిరా?” అంది అవ్వ.

“నాకు ఈకలే ఇష్టం అవ్వా.”

పుంజు అతని చంకలోకి చేరింది. ఆదెయ్య ముఖం ముడుచుకుంది. తర్వాతి కానుక ఎత్తాడు. అది ఆత్మకూరు గుమ్మడికాయ. ఎవరో ఒక ధర పాడారు.

“దానికి రెట్టింపు!”

అందరూ వెనక్కి తిరిగారు. గిటార్ పట్టుకుని నిలబడి ఉంది ఏంజెలిన్.

ఆదెయ్య చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. “ఆలోచించుకోనే పాడతాండావా అమ్మే?”

“విని పాడతాండా నాయనా.”

ఆయన దయాసాగర్ వైపు చూశాడు. పుంజు అతని చొక్కా గుండీని పొడుస్తోంది. అతను మాత్రం కదల్లేదు, తల దించుకోలేదు.

“ఒకటోసారి,” అన్నాడు ఆదెయ్య. “రెండోసారి…”

ఆ తర్వాత ఆగిపోయాడు. ఏంజెలిన్ వేళ్ళు సెరినో మెడని బిగించి పట్టుకున్నాయి. కానీ ఆమె చూపు నాయన ముఖం మీంచి తప్పుకోలేదు.

“ఏందిరా ఆదెయ్యా, గొంతు పోయిందా?” అని కేకేసింది అవ్వ.

ఆదెయ్య మీసం కదిలింది. “మూడోసారి!”

గుమ్మడికాయని ఆయన కూతురికి ఇవ్వలేదు. తీసుకెళ్ళి దయాసాగర్ రెండో చంకలో పెట్టాడు.

“ఇంటిదాకా మోసుకోని రా. మీవాళ్ళకి ఫోన్ చేసి, పులుసు ఉడికేలోపల వచ్చెయ్యమను.”